బెజవాడలో ఇల్లు అమ్ముతున్నారా? బ్రోకరుతో పని చేయించుకునే పద్ధతి, మొదటి ఫోన్ నుంచి రిజిస్ట్రేషన్ దాకా

"బ్రోకరు లేకుండా అమ్ముకోవచ్చా?" అని అడిగేవాళ్లు తక్కువ. "బ్రోకరుతో ఎలా మాట్లాడుకోవాలి, ఎంత ఇవ్వాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి?" అని అడిగేవాళ్లే ఎక్కువ. మా కుటుంబంలో ఈమధ్య మూడు అమ్మకాలు జరిగాయి: పటమటలో చిన్నాన్నగారి పాత డాబా, కానూరులో మా ఫ్లాటు, గుంటూరు బ్రాడీపేటలో మేనత్తగారి ఇల్లు. మూడింటికీ బ్రోకర్లు ఉన్నారు. మొదటి ఇంటి దగ్గర మేం చేసిన తప్పులే ఈ రాతలో సగం.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న లెక్క. మీ ఇల్లు కోటి రూపాయలకు పోతే 1 శాతం చొప్పున బ్రోకరుకి లక్ష వస్తుంది. 95 లక్షలకు పోతే 95 వేలు. మీకు 5 లక్షలు పోయినచోట ఆయనకు పోయేది 5 వేలే. ఆయన మోసగాడని కాదు. బేరం తెగడం ఆయనకు ముఖ్యం, ఎంతకు తెగిందన్నది మీకు ముఖ్యం. అందుకే పార్టీని, అంటే కొనేవాళ్లను, తీసుకురావడం, తిప్పడం, కాగితాలు అటూ ఇటూ అందించడం ఆయనకు వదిలేయండి. రేటు, ఒరిజినల్ కాగితాలు, తాళాలు మాత్రం మీ చేతిలోంచి జారనివ్వకండి.

1. బ్రోకరుకి ఫోన్ చేయకముందే ఫైలు సిద్ధం చేయండి

చాలామంది ముందు బ్రోకరుకి చెప్పి, పార్టీ వచ్చాక బీరువా తెరుస్తారు. అప్పుడు ఈసీలో, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్‌లో, పాత తాకట్టు కనబడుతుంది, ఇంటి పన్ను ఇంకా తాతగారి పేరునే ఉందని తేలుతుంది. పార్టీ వెనక్కి తగ్గుతుంది, లేకపోతే అదే సాకుగా రేటు తగ్గిస్తుంది. నెల రోజులు ముందు కూర్చుంటే ఇవన్నీ సర్దుకునేవే.

ఫైలులో ఉండాల్సినవి:

☐ మీ పేరున ఉన్న రిజిస్టర్డ్ దస్తావేజు, దాని వెనక లింకు డాక్యుమెంట్లు, అంటే మీకంటే ముందు ఇల్లు ఎలా చేతులు మారిందో చూపే పాత దస్తావేజులు. కొనేవాళ్ల బ్యాంకు లాయరు మామూలుగా 30 ఏళ్ల లింకు అడుగుతాడు.
☐ తాజా ఈసీ. 1983 నుంచి జరిగిన లావాదేవీలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి.
☐ మీ సర్వే నంబరు నిషేధిత ఆస్తుల జాబితాలో, అంటే 22ఏలో, లేదని అదే వెబ్‌సైట్‌లో చూసి తీసిన ప్రింటు.
☐ ప్లాను అప్రూవల్. ప్లానుకు మించి కట్టి, దాన్ని జరిమానాతో సరిచేసే బీపీఎస్ పథకం కింద డబ్బు కట్టి ఉంటే ఆ ప్రొసీడింగ్స్.
☐ ఇంటి పన్ను, నీటి పన్ను, కరెంటు బిల్లు తాజా రసీదులు. ఎవరి పేరున ఉన్నాయో కూడా చూడండి.
☐ ఫ్లాటయితే అన్‌డివైడెడ్ షేరు, అంటే స్థలంలో మీ ఫ్లాటుకి వచ్చే వాటా, ఎన్ని గజాలో దస్తావేజులో ఉన్నచోట ఒక గుర్తు, అసోసియేషన్ నుంచి బాకీ లేదనే లెటరు.
☐ పాన్, ఆధార్. దస్తావేజులో పేరు, ఆధార్‌లో పేరు కలుస్తున్నాయా? ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉంటే లాయరుకి ఇప్పుడే చూపించండి.

ఇల్లు నాన్నగారి పేరున ఉండి, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే ఇంకో పని ఉంది. హిందూ కుటుంబాల్లో అప్పుడు అమ్మ, కొడుకులు, కూతుళ్లు అందరూ వాటాదారులే. నానమ్మ బతికుంటే ఆవిడ కూడా. "మా చెల్లెలికి పెళ్లిలోనే ఇచ్చేశాం" అనే మాట సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లదు. చెల్లెలు సంతకం పెట్టాలి, లేకపోతే ఆమె వాటా వదులుకున్నట్టు రిజిస్టర్డ్ కాగితం ఉండాలి. ఆమె అమెరికాలో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవరాఫ్ అటార్నీ రావాలి. అది ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ పవరు ఇంట్లో మనిషి పేరున తీసుకోండి. బ్రోకరు పేరున మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఇంటి మీద లోను ఉంటే బ్యాంకు నుంచి రెండు కాగితాలు తెచ్చుకోండి: ఇవాళ్టికి ఎంత కడితే లోను మూసేయొచ్చో చెప్పే స్టేట్‌మెంటు, వాళ్ల దగ్గరున్న ఒరిజినల్స్ జాబితా. లోను పూర్తిగా తీర్చాక 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్స్ ఇచ్చేయాలని, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు మీకు కట్టాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అయినా ఆ 30 రోజులను మీ గడువులో కలుపుకునే లెక్క వేసుకోండి.

మరో పని, అందరూ వదిలేసేది: టేపు పట్టి స్థలం కొలిపించండి. చిన్నాన్నగారి దస్తావేజులో 200 గజాలు. కొలిస్తే 194 వచ్చింది. ఎప్పుడో గోడ కట్టినప్పుడు లోపలికి జరిపి కట్టారట. ఆ 6 గజాల సంగతి మాకు కొనేవాళ్లు తెచ్చిన కొలతల మనిషి చెప్పాడు, అదీ అడ్వాన్సు రోజున. ఆ క్షణంలో బేరం ఆడే మొహం మనకు ఉండదు.

జిరాక్సులు ఇచ్చేటప్పుడు ప్రతి పేజీ మీద అడ్డంగా "అమ్మకం పరిశీలన కోసం మాత్రమే" అని, తేదీ, ఎవరికి ఇచ్చారో రాయండి. ఆధార్ కాపీ బ్రోకరుకి అక్కర్లేదు. ఒరిజినల్స్ బయటకు వచ్చేది రెండుసార్లే: కొనేవాళ్ల లాయరు మీ ముందు చూసేటప్పుడు, రిజిస్ట్రేషన్ రోజు.

2. రేటు: రెండు అంకెలు, రెండు చోట్ల

రేటు బ్రోకరుని అడిగి నిర్ణయించుకోకండి. ఆయన్ని అడగొచ్చు, కానీ అది మూడో అభిప్రాయం కావాలి.

పాత డాబా ఇళ్లకు మన దగ్గర కొనేవాళ్లు కట్టడానికి పెద్దగా రేటు కట్టరు, స్థలానికే కడతారు. అందుకని మీ వీధిలో, పక్క వీధిలో ఇటీవల గజం ఎంతకు పోయిందో తెలుసుకోండి. అమ్మినవాళ్లను అడగండి, కొన్నవాళ్లను కూడా అడగండి. ఇద్దరి మాటల మధ్యలో ఎక్కడో నిజం ఉంటుంది. మీ ప్రాంతం గవర్నమెంటు వాల్యూ రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఉంటుంది, అది కింది గీత. రాజధాని వార్త వచ్చిన ప్రతిసారీ టీ కొట్టు దగ్గర పెరిగే రేట్లను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ఆ రేటుకు అడిగేవాళ్లు ఉంటారు, ఇచ్చేవాళ్లు కనపడరు.

ఇప్పుడు రెండు అంకెలు రాసుకోండి. ఒకటి చెప్పే రేటు. రెండోది ఇంతకు తగ్గితే అమ్మను అనే రేటు. మొదటిది బ్రోకరుకి. రెండోది ఇంట్లో ఇద్దరికి తెలిస్తే చాలు. "సార్, మీ ఫైనల్ ఎంతో నా ఒక్కడికి చెప్పండి, నా నోటి దగ్గరే ఆగిపోతుంది" అంటారు. ఆగదు.

నెలల సంగతి కూడా చూసుకోండి. ఆషాఢంలో, మూఢంలో ఇల్లు చూడ్డానికి వస్తారు గానీ అడ్వాన్సు ఇచ్చేవాళ్లు అరుదు. ఆ నెలల్లో ఎవరూ కదలడం లేదని భయపడి రేటు తగ్గించకండి. ఆషాఢంలో ఫైలు పని, సున్నాలు, ప్లంబరు పని చూసుకుని శ్రావణానికి సిద్ధంగా ఉండండి.

3. ఏ బ్రోకరు, ఎంతమంది

ఏరియా బ్రోకర్లు వేరు, ఫోన్ బ్రోకర్లు వేరు. ఏరియా బ్రోకరుకి మీ వీధిలో ఏ ఇంటికి వీధిపోటు ఉందో, ఏ ఇంటి అన్నదమ్ముల మధ్య కోర్టు కేసుందో తెలుసు. ఫోన్ బ్రోకరు మీ ఇంటి ఫోటోను పది వాట్సాప్ గ్రూపుల్లో పడేస్తాడు, అక్కడితో ఆయన పని అయిపోయింది. భవానీపురం ఇల్లు అమ్మడానికి పోరంకి బ్రోకరు ఎందుకు?

మాట్లాడేటప్పుడు ఇవి అడగండి:

☐ ఈ ఏరియాలో గత ఆర్నెల్లలో మీరు చేయించిన రిజిస్ట్రేషన్లు ఏవి? ఇళ్లు చూపించగలరా?
☐ ఆ ఇల్లు అమ్మిన ఓనరుతో ఒకసారి మాట్లాడొచ్చా?
☐ కొనేవాళ్ల దగ్గర కూడా కమీషన్ తీసుకుంటారా?
☐ మీకు రెరా రిజిస్ట్రేషన్ ఉందా?

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, గురించి ఒక మాట. రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు రెరా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. మీ పాత డాబా అమ్మిపెట్టడానికి అది తప్పనిసరి కాదు. ఉంటే ఒక అడ్రసున్న మనిషి అని అర్థం, అంతే. లేదని మంచి ఏరియా బ్రోకరుని వదులుకోకండి.

సంఖ్య విషయంలో నా మాట: ఇండిపెండెంట్ ఇంటికి ఇద్దరు, ఫ్లాటుకి ఒకరు. ఐదుగురికి చెబితే ఐదు రేట్లు తిరుగుతాయి. ఒకడు 1.10 కోట్లు అంటాడు, ఇంకొకడు 98 అంటాడు, మూడోవాడు "మాట్లాడదాం రండి" అంటాడు. రెండు నెలలు తిరిగాక "ఆ ఇల్లా, అది ఎప్పటినుంచో తిరుగుతోందిలెండి" అనే పేరు పడుతుంది. ఆ పేరు పడ్డాక మంచి రేటు రాదు. ఒక బ్రోకరు తనకే ఇమ్మని అడిగితే 60 రోజులు ఇవ్వొచ్చు, తేదీ రాసి మరీ. ఆ గడువులో కూడా మీ బంధువులకు, స్నేహితులకు మీరే అమ్ముకుంటే కమీషన్ ఉండదని ముందే చెప్పండి.

4. మొదటి మాట కాగితం మీద

కమీషన్ మన దగ్గర మామూలుగా 1 శాతం, కొందరు 2 అడుగుతారు. శాతం కంటే ముఖ్యమైనవి మూడు ప్రశ్నలు. దేని మీద? ఎప్పుడు? ఎవరికి?

దేని మీద అంటే, చివరికి కుదిరిన రేటు మీద. ఎప్పుడు అంటే, రిజిస్ట్రేషన్ అయ్యి మీ డబ్బు మీ ఖాతాలో పడ్డాక. అగ్రిమెంటు రోజే సగం కావాలంటారు. మొహమాటపడాల్సి వస్తే పావు వంతు ఇచ్చి, బేరం చెడితే వాపసు అని రాయించుకోండి. ఎవరికి అంటే, ఒక్కరికే. ఆయన వెనక ఇంకో ఇద్దరు బ్రోకర్లు ఉంటే వాళ్ల వాటాలు ఆయన చూసుకోవాలి. ఇది ముందు చెప్పకపోతే రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీద ముగ్గురు నిలబడి ఉంటారు.

"మీకు నెట్ ఇంత, పైన వచ్చింది మాది" అనే ఆఫరుకి నేను పూర్తి వ్యతిరేకిని. వినడానికి కమీషన్ మిగిలినట్టే ఉంటుంది. కానీ అప్పట్నుంచి అసలు పార్టీ ఎంత ఇస్తానంటున్నాడో మీకు తెలియనివ్వకుండా ఉండటమే ఆయన పని. రేపు దస్తావేజులో ఏ అంకె వేయాలన్నది ఇంకో పేచీ.

స్టాంపు పేపర్లు అక్కర్లేదు. మేం కానూరు ఫ్లాటుకి పంపిన వాట్సాప్ మెసేజీ ఇంచుమించు ఇది:

"నమస్తే అండీ. ఇవాళ మనం అనుకున్నవి: 1) చెప్పే రేటు 62 లక్షలు, ఇంకో రేటు ఎవరికీ చెప్పకూడదు. 2) కమీషన్ కుదిరిన రేటు మీద 1 శాతం, రిజిస్ట్రేషన్ రోజు డబ్బు అందాక, బ్యాంకు ద్వారా మీ ఒక్కరికే. 3) పార్టీని తెచ్చే ముందు పేరు, ఊరు మెసేజీ పెట్టాలి. 4) టోకెన్, అడ్వాన్సు నేరుగా మా ఖాతాకే. మీరు తీసుకోకూడదు. 5) ఈ మాట అక్టోబరు 31 వరకు. సరేనంటే 'ఓకే' అని పెట్టండి."

ఆయన 'ఓకే' పెట్టారు. తర్వాత రెండుసార్లు ఆ మెసేజీ పైకి జరిపి చూపించాల్సి వచ్చింది.

5. బ్రోకరుకి చెప్పకూడనివి

ఇది విడిగా రాయడానికి కారణం ఉంది.

చిన్నాన్నగారు రిటైర్డ్ టీచరు, మాటకారి. బ్రోకరు మొదటిసారి ఇంటికొచ్చిన రోజు కాఫీ ఇచ్చి, అమ్మాయి పెళ్లి మాఘమాసంలో పెట్టుకున్నామని, హాలు కూడా బుక్ చేశామని చెప్పారు. పది రోజుల తర్వాత ఒక పార్టీ వచ్చారు. భార్యాభర్తలు. ఆవిడ వంటగదిలో పంపు తిప్పి చూస్తోంది. ఆయన సోఫాలో కూర్చుని, ఇంటి గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, "అమ్మాయి పెళ్లి దగ్గర పడింది కదా మాస్టారూ, హాలు వాళ్లకు బ్యాలెన్సు కట్టేశారా?" అన్నాడు. చిన్నాన్నగారు నా వైపు చూశారు. ఆ రోజు ఆయన పెట్టిన రేటు మేం చెప్పినదానికి 14 లక్షలు తక్కువ. నవ్వుతూనే పెట్టాడు.

అందుకని:

☐ ఎందుకు అమ్ముతున్నారంటే ఒకటే జవాబు: "పిల్లల దగ్గరికి మారుతున్నాం" లేదా "చిన్న ఇంటికి వెళ్తున్నాం".
☐ అప్పులు, పెళ్లిళ్లు, ఆపరేషన్లు, అన్నదమ్ముల తగువులు చెప్పకండి.
☐ ఇంకో ఇంటికి అడ్వాన్సు ఇచ్చేశామని చెప్పకండి.
☐ ఎప్పటిలోగా అమ్మాలి అంటే "తొందరేం లేదండీ, సరైన రేటు రావాలి".

ఇల్లు గురించి మాత్రం దాచకండి. అది వేరే సంగతి. సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇల్లయితే 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయని ప్రతి పార్టీ అడుగుతాడు. బ్రోకరు "ఇక్కడిదాకా రాలేదండీ" అనేస్తాడు. కొనేవాడు తిరిగి వెళ్తూ వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడుగుతాడు, అతను నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తాడు. మీరే గోడ మీద గుర్తు చూపించి, తర్వాత ఏమేం బాగుచేయించారో బిల్లులతో చెబితే రేటు కొంచెం తగ్గొచ్చేమో గానీ బేరం నిలబడుతుంది.

6. ఇల్లు చూపించే రోజులు

ఉదయం 8 నుంచి 11 లోపు చూపించండి. వెలుతురు ఉంటుంది, ఎండ ముదరదు. బ్రోకరు "ఇప్పుడే వస్తున్నాం" అని రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తే రేపు రమ్మనండి.

ముందు రోజు చూసుకోవాల్సినవి:

☐ మోటారు, పంపులు, ఫ్లష్, అన్ని లైట్లు పనిచేస్తున్నాయా
☐ చెమ్మ మరకలు. సున్నం వేసి కప్పేస్తే వాన పడగానే బయటపడతాయి. కారణం బాగుచేయించి, తర్వాతే సున్నం.
☐ ఈశాన్యం మూల ఖాళీగా, శుభ్రంగా ఉందా. మీకు నమ్మకం లేకపోయినా వచ్చేవాళ్లు ముందు చూసేది అదే.
☐ బంగారం, కాగితాలు, మందులు కంటికి కనబడకుండా
☐ అద్దెవాళ్లుంటే ముందే చెప్పి, ఎప్పుడు ఖాళీ చేస్తారో ఒక మాట తీసుకోవడం

టీవీ పక్కన ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, టైము, పార్టీ పేరు, ఊరు, ఏ బ్రోకరు తెచ్చాడు, ఏమన్నారు. ఇంతే. బ్రాడీపేట ఇంటి దగ్గర ఒకే పార్టీని ఇద్దరు బ్రోకర్లు నెల తేడాలో తెచ్చారు. బేరం కుదిరాక ఇద్దరూ కమీషన్ మాదే అన్నారు. అత్తయ్య లోపలికెళ్లి పుస్తకం తెచ్చి, వేలు పెట్టి చూపించింది: మొదట తెచ్చిందెవరు, ఏ రోజు, ఆ రోజు వాళ్లు మజ్జిగ తాగారని కూడా రాసుంది. రెండో ఆయన నవ్వేసి వెళ్లిపోయాడు.

ఖాళీ ఇంటి తాళాలు బ్రోకరు దగ్గర ఉంచొద్దు. పక్కింటివాళ్ల దగ్గర పెట్టి, వాళ్లు తలుపు తీసి, వాళ్లే వేసేలా చూడండి.

7. బేరం

బ్రోకరు ద్వారా అంకెలు పంపుకోవడం మొదటి ఒకటి రెండు మాటలకే. తర్వాత ఎదురెదురుగా కూర్చోవాలి, అదీ మీ ఇంట్లో. "పార్టీ కింద కారులో కూర్చున్నారు సార్, ఒక్క మాట చెబితే ఇప్పుడే లక్ష ఇస్తారు" అనేది పాత పద్ధతి. "కారులో ఎందుకండీ, పైకి రమ్మనండి, కాఫీ తాగుదాం" అనండి.

ఒకేసారి పెద్దగా తగ్గకండి. తగ్గిన ప్రతిసారీ బదులుగా ఏదో ఒకటి అడగండి: అడ్వాన్సు పెంచమనో, గడువు తగ్గించమనో. ఏసీలు, చెక్క అల్మరాలు, ఇన్వర్టరు రేటులో కలిసినవా కాదా అన్నది ఇక్కడే తేల్చండి. అదే రాత్రి ఒప్పుకోకండి, ఎంత మంచి రేటు వచ్చినా సరే. "ఇంట్లో మాట్లాడుకుని రేపు చెబుతాం" అంటే నిజమైన పార్టీ ఎక్కడికీ పోడు.

సగం వైట్, సగం బ్లాక్ ప్రస్తావన దాదాపు ఖాయంగా వస్తుంది. ఇల్లు, స్థలం అమ్మకంలో 20 వేలు లేదా అంతకు మించి నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడొచ్చు. అది పడేది తీసుకున్న మీ మీద, ఇచ్చినవాడి మీద కాదు. బ్రోకరు మీద అసలే కాదు.

8. టోకెన్, అడ్వాన్సు, అగ్రిమెంటు

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే.

మన వైపు ఒక వ్యాపారం ఉంది. ఒకాయన చిన్న అడ్వాన్సు ఇచ్చి, ఐదారు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకుంటాడు. అందులో "కొనుగోలుదారు లేదా వారు సూచించిన వారి పేరున" రిజిస్టరు చేయాలని ఒక ముక్క ఉంటుంది. ఆ అగ్రిమెంటు పట్టుకుని మీ ఇంటినే ఎక్కువ రేటుకి ఇంకొకరికి తిప్పుతాడు. తిరిగితే తేడా ఆయనకు. తిరగకపోతే ఐదు నెలలు మీ ఇల్లు కట్టేసినట్టే. మీరు కాదంటే, అగ్రిమెంటు ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టుకు వెళ్లే హక్కు ఆయనకు ఉంటుంది. కొన్నిసార్లు ఆ ఒకాయన మీ బ్రోకరే, లేదా ఆయన బావమరిది.

దీనికి మందు కష్టమైనదేం కాదు:

☐ అగ్రిమెంటులో పేరున్న మనిషి, డబ్బు వచ్చిన ఖాతా మనిషి ఒకరేనా
☐ "వారు సూచించిన వారు" అనే మాట తీసేయించాలి. మరీ అడిగితే భార్య, భర్త, పిల్లలు అని పరిమితం చేయాలి.
☐ అడ్వాన్సు కనీసం 10 శాతం, 20 అయితే ఇంకా మంచిది
☐ గడువు బ్యాంకు లోను పార్టీకి 60 రోజులు, సొంత డబ్బు పార్టీకి 45. తేదీ వేయాలి, "రెండు నెలలు" అని రాయకూడదు.
☐ గడువు దాటితే ఏమవుతుంది? అడ్వాన్సులో ఎంత పోతుంది, అగ్రిమెంటు ఎలా రద్దవుతుంది?
☐ లోను రాకపోతే ఏమిటి? ఇది రాయకపోతే గొడవ ఖాయం.
☐ మొత్తం డబ్బు అందేదాకా ఇల్లు స్వాధీనం చేయం అనే వాక్యం

టోకెన్ అని ఐదు వేలో పదివేలో బ్రోకరు చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద సంతకం పెట్టమంటారు. పెట్టకండి. టోకెన్ నేరుగా మీ ఖాతాకి రావాలి. వారం రోజుల్లో అగ్రిమెంటు కాకపోతే తిరిగి పంపేస్తామని ఒక మెసేజీ పెట్టాలి.

అగ్రిమెంటు రాయడానికి బ్రోకరు తెచ్చిన డాక్యుమెంట్ రైటరు ఫరవాలేదు, కానీ సంతకానికి ముందు మీ లాయరు చదవాలి. పెద్ద మొత్తం చేతులు మారేచోట లాయరు ఫీజు దగ్గర పీనాసితనం ఎందుకో నాకు అర్థం కాదు.

9. మధ్యలో వచ్చే తలనొప్పులు

*లోను ఆలస్యం.* బ్రోకరు "వారంలో వచ్చేస్తుంది" అని ఆరు వారాలు చెబుతాడు. బ్యాంకు నుంచి శాంక్షన్ లెటరు కాపీ అడగండి. లెటరు లేకుండా గడువు పెంచొద్దు. పెంచితే ఇంకొంత అడ్వాన్సు తీసుకుని, కొత్త తేదీ అగ్రిమెంటు వెనక రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి.

*టీడీఎస్.* రేటు 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు 1 శాతం కోసుకుని మీ పాన్ మీద ఆదాయపు పన్నుగా కట్టాలి. చాలామంది అమ్మేవాళ్లు చివరి రోజు ఇది విని ఉలిక్కిపడతారు. మీ డబ్బేమీ పోదు, రిటర్నులో చూపించుకోవచ్చు. కానీ వాళ్లు నిజంగా కట్టారా అన్నది చూసుకోవాలి. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే కోత చాలా ఎక్కువ. ముందే ఆడిటర్ని కలిసి, తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

*లాభం మీద పన్ను.* రెండేళ్లకు మించి మీ దగ్గర ఉన్న ఇల్లయితే లాభం మీద 12.5 శాతం. 2024 జులై 23కి ముందు కొన్నదైతే, ఇక్కడ నివాసం ఉండేవాళ్లకు ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరను ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి, 20 శాతం లెక్క కూడా వేసి, ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. వేరే ఇల్లు కొంటే మినహాయింపులు ఉన్నాయి, వాటికి గడువులూ ఉన్నాయి. అడ్వాన్సు తీసుకునే ముందే ఆడిటర్ దగ్గర ఒక గంట కూర్చోండి.

*బ్రోకరుని పక్కన పెట్టాలని పార్టీ అడగడం.* "ఆయన కమీషన్ మనమిద్దరం పంచుకుందాం" అంటారు. ఒప్పుకోవద్దు. ఇలా అడిగిన మనిషి రేపు మీతోనూ అలాగే ఉంటాడు. పైగా పటమటలోనో గుణదలలోనో బ్రోకర్లందరూ ఒకే టీ కొట్టు దగ్గర కూర్చుంటారు, మీ తమ్ముడి ఇల్లు అమ్మాల్సి వచ్చినప్పుడు అదంతా గుర్తుంటుంది.

*బ్రోకరు ఫోన్ ఎత్తకపోవడం.* అడ్వాన్సు ఇప్పించాక కొందరు మాయమవుతారు. కమీషన్ రిజిస్ట్రేషన్ రోజే అని పెట్టుకున్నది ఇందుకే. రెండు రోజులాగి "రిజిస్ట్రేషన్ తేదీ ఖాయం చేద్దాం" అని మెసేజీ పెట్టండి, వస్తారు.

10. రిజిస్ట్రేషన్ రోజు, ఆ తర్వాత

స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆనవాయితీగా కొనేవాళ్లవే. "ఆఫీసు ఖర్చులు" అని బ్రోకరు మీ దగ్గర విడిగా అడిగితే దేనికో చెప్పమనండి. ముసాయిదా దస్తావేజు మూడు రోజుల ముందే తెప్పించుకుని డోరు నంబరు, సర్వే నంబరు, హద్దులు, గజాలు మీ పాత దస్తావేజుతో పక్కపక్కన పెట్టి చదవండి. మేం చదివినప్పుడు తూర్పు హద్దు, పడమర హద్దు తారుమారై ఉన్నాయి.

వరుస ఇది: డబ్బు మీ ఖాతాలో పడిందని బ్యాంకు మెసేజీ, లేదా బ్యాంకు ఇచ్చిన డీడీ చేతిలోకి. తర్వాత సంతకం, వేలిముద్ర. తర్వాత ఒరిజినల్స్, జాబితా రాసి సంతకం తీసుకుని. చివర తాళాలు. మామూలు చెక్కు ఇస్తే అది క్లియర్ అయ్యేదాకా సంతకం ఆపండి. ముహూర్తం దాటిపోతోందని బ్రోకరు కంగారుపెడతాడు. ముహూర్తం ఇంకోటి దొరుకుతుంది.

కమీషన్ బ్యాంకు ద్వారానే పంపి, రసీదు తీసుకోండి. లాభం లెక్కేసేటప్పుడు అమ్మకం ఖర్చుగా ఆ కమీషన్ తీసేసుకోవచ్చు. నగదు ఇచ్చి కాగితం లేకపోతే ఆ ఉపయోగం పోతుంది.

ఇంటికొచ్చాక మిగిలినవి:

☐ దస్తావేజు కాపీ ఒకటి మీ ఫైలులోకి
☐ కరెంటు మీటరు రీడింగు ఫోటో, కొత్తవాళ్లకు పంపడం
☐ ఇంటి పన్ను, మీటరు పేరు మార్పుకి కావాల్సిన సంతకాలు
☐ నెల రోజుల తర్వాత ఆన్‌లైన్‌లో ఈసీ తీసి అమ్మకం నమోదైందో లేదో చూడటం
☐ గేటుకి కట్టిన బోర్డు, ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రకటనలు తీసేయడం

చివరిది మర్చిపోతారు. కానూరు ఫ్లాటు అమ్మి ఏడాది దాటింది. మొన్న ఆదివారం కూడా ఒకాయన ఫోన్ చేసి, "తూర్పు ముఖమేనా అండీ? ఫైనల్ ఎంత?" అని అడిగాడు.